స్టేషన్ రైటర్ లెక్కలు

(రామంతాపూర్‌లో ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ, అక్కలకూ చెల్లెళ్లకూ నమస్కారం.

సెక్రటరీ గారు ఫోన్ చేసి, "సార్, మన ఏరియా సేఫేనా కాదా, లెక్కలతో సహా చెప్పాలె" అన్నరు. నేను పోలీసు సర్వీసులో ఎక్కువ కాలం చేసింది స్టేషన్ రైటర్ పని. మూలన టేబుల్ ముందు కూర్చుని ఎఫ్ఐఆర్‌లూ, స్టేషన్ రోజువారీ డైరీలో జీడీ ఎంట్రీలూ రాయడం. నేరాల లెక్క పుట్టేది ఆ టేబుల్ మీదే. దాన్ని అటూ ఇటూ చేసిన చేతుల్లో నావీ ఉన్నాయి, అందుకని ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఒక సాయంత్రం కాలేజీ పిల్లవాడొకడు వచ్చాడు. బస్టాప్‌లో నిలబడి ఉంటే బండి మీద ఇద్దరొచ్చి చేతిలో సెల్ గుంజుకుపోయారట. చెయ్యి ఇంకా వణుకుతోంది. "గుంజుకున్నరని ఎందుకు బిడ్డా, సెల్ పోయిందని రాసియ్యి, సిమ్ తీసుకోనీకి కాగితం ఇస్తం" అన్నాను. పాపం, కొట్టేసి మళ్లీ రాశాడు. రెండు నిమిషాల్లో ఒక నేరం మాయం. నెలాఖరు క్రైం మీటింగ్‌లో మా సార్ మాట పడలేదు. ఆ స్టేషనేదో, ఆ సారెవరో చెప్పను. రాయించింది మాత్రం నేనే.

గొలుసు దొంగతనం సంగతి ఇంకా చిత్రం. పాత ఐపీసీలో చైన్ స్నాచింగ్ అన్న పేరుతో సెక్షనే లేదు. మెడ మీద గీరుకుపోయి రక్తం వచ్చిందంటే 392, అంటే దోపిడీ. గాయం, బెదిరింపు లేవంటే 379, మామూలు దొంగతనం. అదే గొలుసు, అదే బండి, ఏడ్చేది అదే తల్లి. గీత కనబడిందా లేదా అన్నది రైటర్ కళ్లద్దాల మీద ఆధారపడేది! మరునాడు పేపర్లో "దోపిడీలు తగ్గుముఖం" అని వస్తే నాకు నవ్వొచ్చేది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో స్నాచింగ్‌కు విడిగా 304వ సెక్షన్ పెట్టారు. ఆలస్యమైనా మంచి పనే. కానీ పోయిన ఏడాదుల లెక్కతో కొత్త లెక్కను పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఈ మార్పు గుర్తు పెట్టుకోవాలి.

ఇక నగరాల ర్యాంకులు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా పుస్తకం వేస్తుంది. అందులో నేరాల రేటు అంటే లక్ష జనాభాకు ఎన్ని కేసులు నమోదయ్యాయన్నది. కేసులు ఆ ఏడాదివి. భాగించే జనాభా మాత్రం 2011 జనగణనది. హైదరాబాద్‌కు 77.5 లక్షలు. మన గల్లీలోనే అప్పటికీ ఇప్పటికీ ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచాయో లెక్కపెట్టుకోండి. భాగించే జనం తక్కువైతే రేటు ఎక్కువ వస్తుంది. రాయని కేసులేమో దాన్ని కిందికి గుంజుతాయి. పైగా ఒక కేసులో నాలుగు నేరాలుంటే అన్నిట్లో పెద్దదాన్ని ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరని ఆ సంస్థే తన పుస్తకంలో హెచ్చరిస్తుంది. ఆ పేజీ ఎవరూ చదవరు.

లిమిట్స్ గొడవ, అంటే ఏ ఏరియా ఎవరి పరిధి అన్న గొడవ కూడా చెప్పాలి. 2016లో సైబరాబాద్‌ను విడదీసి రాచకొండ కమిషనరేట్ పెట్టారు. అప్పుడు అంబర్‌పేట సిటీ పోలీసుల కింద, కాస్త ఇటొస్తే ఉప్పల్ రాచకొండ కింద ఉండేవి. ఆ ఏడాది సైబరాబాద్ కేసులు తగ్గాయంటే దొంగలు మారారని ఎవరంటారు? లెక్క సంగతి అట్లుంచండి, మనుషుల సంగతి వేరు. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఒక అమ్మాయి కనబడకుండా పోయిన రాత్రి ఆమె ఇంటివాళ్లను మా లిమిట్స్ కాదని తిప్పారు. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆ రాత్రి తలుచుకుంటే రైటర్‌గా నా తల ఇప్పటికీ వంగిపోతుంది. "మా లిమిట్స్ కాదు" అన్న మాట నేనెన్నిసార్లు అన్నానో!

ఇప్పుడు ఆ మాట చెల్లదు. జీరో ఎఫ్ఐఆర్ కొత్త చట్టంలోనే ఉంది. పోలీసులు కేసు ఎట్లా నడపాలో చెప్పే బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా రాసుకుని తర్వాత పంపుకోవాలి. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, ఎవరికీ చాయ్ పైసలు కూడా ఇయ్యక్కర్లేదు. కాగ్నిజబుల్ నేరమని, అంటే వారెంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరమని ఫిర్యాదులోనే కనబడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. రాయనంటే అదే ఫిర్యాదు డీసీపీకి పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు.

ఆడవాళ్ల విషయంలో ఒక మాట. ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 అక్టోబర్‌లో మొదలయ్యాయి. ఒక కాలనీ నుంచి వాటికి ఫిర్యాదులు పెరిగాయంటే ఆ కాలనీ చెడిపోయిందని నేననుకోను. అమ్మాయిలు నోరు విప్పుతున్నారనుకుంటా. ఒక్క ఫిర్యాదూ రాని బస్టాప్ అంటేనే నాకు అనుమానం.

కెమెరాలు పెట్టించాం గదా అంటారు. వంద మంది ఒకేచోట చేరే దుకాణాలకు, హాళ్లకు 2013 ప్రజా భద్రత చట్టమే కెమెరాలు తప్పనిసరి చేసింది. కాలనీల్లో "నేను సైతం" పేరుతో జనమే పెట్టుకున్నారు. సంతోషం. పొద్దున మీ సెక్రటరీ గారితో తిరిగి చూశాను. పార్కు మూలన ఉన్న కెమెరాకు వేపకొమ్మ తప్ప ఏమీ కనబడదు. రెండో గల్లీలో దానికి కరెంటే లేదు. బంజారాహిల్స్‌లో 2022లో అంత పెద్ద కమాండ్ కంట్రోల్ సెంటర్ కట్టారు, వాళ్లు చూడాలన్నా ఇక్కడ బొమ్మ ఉండాలి గదా.

సంక్రాంతికి సగం కాలనీ ఊళ్లకు పోతుంది. తాళం వేసిన ఇల్లని దొంగకు చెప్పేది గేటు మీద పేరుకున్న పేపర్లు, పొద్దంతా వెలిగే వాకిట్లో లైటు, చెరగని పాత ముగ్గు. పేపర్ బంద్ చేయించండి, పక్కింటి అక్కకు చెప్పండి, స్టేషన్‌లో చెప్పి పోతే రాత్రి పెట్రోలింగ్ వాళ్లు అటు ఒక చుట్టు తిరుగుతారు.

ఇప్పుడు తాళం పగలగొట్టకుండా ఫోన్‌లోంచే వస్తున్నారు. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజుతారు, దాన్ని డిజిటల్ అరెస్ట్ అంటారు. అట్లాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోతే సిగ్గుపడి రెండు రోజులు దాచకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి. డబ్బు ఖాతాలు మారకముందే చెబితేనే బ్యాంకు ఆపగలదు. మీ కాలనీలోనే ఇద్దరు పెద్దవాళ్లకు జరిగిందట. కేసు పెట్టలేదు, కొడుకులకు తెలుస్తుందని. నేనొచ్చే ముందు అడిగితే చెవిలో చెప్పారు. అంటే మీ ఏరియా లెక్కలో ఇప్పటికే రెండు తక్కువున్నాయి.

సెక్రటరీ గారూ, మీరడిగినదానికి ఇంతకన్నా సూటిగా నేను చెప్పలేను. ఖాళీ కాగితాలు, పెన్నులు తెచ్చాను. ఫిర్యాదు ఎట్లా రాయాలో ఇక్కడే కూర్చుని రాయిస్తాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, బండి ఏ రంగు, అన్నీ మీ మాటల్లోనే. "పోయింది" అని మాత్రం రాయనియ్యను. ముందు ఆ ఇద్దరు పెద్దవాళ్లు... పేర్లు పిలవను, మీరే నిదానంగా ఇటు రండి.