క్రబీ క్రబాంగ్: రెండు చేతులా కత్తి

శ్రోతలకు నమస్కారం.

థాయ్‌లాండ్ అనగానే చాలామందికి పిడికిళ్లు, కాళ్లతో పోరాడే ముయే థాయ్ గుర్తొస్తుంది. దాని తోడబుట్టిన ఆయుధ విద్య క్రబీ క్రబాంగ్. క్రబీ అంటే కొంచెం వంపు తిరిగిన, ఒకవైపే పదునున్న కత్తి. క్రబాంగ్ అంటే కర్ర.

ఇది యుద్ధరంగంలో పుట్టిన విద్య. 1767లో పతనమైన అయుత్తయ రాజ్యంలో రాజు ఎక్కిన ఏనుగు నాలుగు కాళ్ల దగ్గరా నలుగురు భటులు కాపలా ఉండేవారు. వాళ్లను చతురోంగఖబాత్ అంటారు. అందులో మన చతురంగం, పాదం రెండూ వినిపిస్తాయి. ఏనుగు మీద నుంచి పొట్టి కత్తితో కొడితే శత్రువు అందడు కాబట్టి పొడవాటి కర్ర చివర వంపు కత్తి బిగించిన న్గావ్ వాడేవారు.

నేర్చుకునేవారికి అసలు పరీక్ష రెండు కత్తుల సాధన. ఒక కత్తి దెబ్బను అడ్డుకుంటున్న క్షణంలోనే రెండోది కొట్టాలి. కొత్తవారు రెండింటినీ ఒకేసారి ఒకేవైపు విసురుతారు. దాంతో తల, రెండో పక్క రక్షణ లేకుండా మిగిలిపోతాయి. ఇంకో తప్పు, పిడిని బిగపట్టడం. మణికట్టు తిరగక దెబ్బంతా భుజం మీద పడుతుంది, చెయ్యి త్వరగా అలిసిపోతుంది. అడుగు కదలకుండా చెయ్యి మాత్రమే కదిలితే దెబ్బకు బలం ఉండదు. అందుకే మంచి గురువు ముందు అడుగులే దిద్దుతారు.

సాధనకు ఇనుప కత్తులు కాదు, పేము బెత్తాలు వాడతారు. గట్టి కర్ర విరిగితే మొనదేలి కంట్లో గుచ్చుకోవచ్చు. పేము విరగదు, పీచులుగా చీలుతుంది. పీచు లేచిన బెత్తాన్ని వెంటనే పక్కన పెట్టేయాలి.

మై సోక్ అనే ఆయుధం చూడముచ్చటగా ఉంటుంది. మోచేతి పొడవున్న కొయ్య దిమ్మెలు రెండు. వాటిని ముంజేతులకు కట్టుకుని, పిడులు పట్టుకుని, కత్తి దెబ్బలను కాచుకుంటారు.

ప్రదర్శన వై ఖ్రూతో, అంటే గురువందనంతో మొదలవుతుంది. తర్వాత ఫ్రోమ్, అంటే బ్రహ్మ పేరున నాలుగు దిక్కులకూ తిరిగి మొక్కుతారు. ఆపైన ఆయుధ నృత్యం. జావా సన్నాయి, జంట డోళ్లు, తాళాలు వెంట నడుస్తాయి. పోరు మొదలవగానే వాయిద్యం జోరందుకుంటుంది. పోరు ముగిశాక ఇద్దరూ ఒకరికొకరు ఖో ఖమా చెప్పుకుంటారు. ఆ ఖమా మన క్షమే.