ఆ రోజు ప్రళయం సంగతి అటుంచండి, అసలు ఢీకొట్టడమే జరగలేదు

2008 సెప్టెంబరు 10, బుధవారం. యూరప్‌లో ఆ రోజు మొదలయ్యే ఒక ప్రయోగంతో బ్లాక్ హోల్ (చుట్టూ ఉన్నదాన్నంతా తనలోకి లాగేసుకునేది) పుట్టి భూమిని మింగేస్తుందని టీవీల గోల. నేను తొమ్మిదో తరగతి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే టీవీ ముందు మా నాయనమ్మ, పక్కింటి అత్త, ఇంకో ఇద్దరు. తెర మీద భూమి బొమ్మ, దాని మధ్యలో నల్లటి చిల్లు, కింద ఎర్రక్షరాల్లో "యుగాంతమేనా?" అని స్క్రోలింగ్. నాయనమ్మ నన్ను చూసి, "ఒరేయ్, ఇవాళ ఇంక బడికెళ్లకు. పోతే అందరం ఒక్కచోటే పోదాం" అంది. నాకేమో లెక్కల పరీక్ష తప్పిందని లోపల సంబరం.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆ వారమే మధ్యప్రదేశ్‌లో, ఇలాంటి వార్తలు చూసి చూసి బెదిరిపోయిన పదహారేళ్ల అమ్మాయి ప్రాణాలు కోల్పోయింది. అందుకే ఈ టాపిక్‌ని జోకుగా చేయబుద్ధి కాలేదు.

జెనీవా దగ్గర, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దు కింద, సుమారు వంద మీటర్ల లోతులో 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగం. సెర్న్ అనే యూరప్ పరిశోధన సంస్థ వాళ్ల లార్జ్ హాడ్రాన్ కొలైడర్, అంటే అణువుల్లోని ప్రోటాన్లు అనే బుల్లి కణాల్ని మహా వేగంగా తిప్పి ఒకదానితో ఒకటి ఢీకొట్టించే యంత్రం, అందులోనే ఉంది. ఆ రోజు మన టైమ్ ప్రకారం రెండు కావస్తుండగా ప్రోటాన్లు మొదటిసారి ఒక చుట్టు తిరిగొచ్చాయి. అంతే! ముందు ఒక వైపు తిప్పారు, తర్వాత రెండో వైపు. ఢీకొట్టించలేదు. మొదటి ఢీ 2009 నవంబరులో జరిగింది. అంటే మన ఛానెళ్లు బ్లాక్ హోల్ కోసం కౌంట్‌డౌన్ పెట్టింది జరగని పనికి.

సరే, ఢీకొడితే ఏమవుతుంది? రెండు ప్రోటాన్లు గుద్దుకున్నప్పుడు పుట్టే శక్తి పది పదిహేను దోమలు ఎగిరేంత. నిజంగానే అంతే. కాకపోతే ఆ శక్తంతా దోమకన్నా లక్ష కోట్ల రెట్లు చిన్న చోట ఇరుక్కుంటుంది, విశేషమంతా అక్కడే. అంత చిన్న చోట అంత శక్తి చేరితే బుల్లి బ్లాక్ హోల్ పుట్టొచ్చేమో అని కొన్ని సిద్ధాంతాలు అన్నాయి. పుట్టినా, భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ చెప్పినట్టు శక్తిని బయటికి వదులుతూ (దాన్నే హాకింగ్ రేడియేషన్ అంటారు) క్షణంలో ఆవిరైపోతుంది అని చాలామంది అక్కడితో ముగించేస్తారు. నాకు ఆ సమాధానం నచ్చదు. హాకింగ్ రేడియేషన్‌ని ఇంతవరకూ ఎవరూ కళ్లారా చూడలేదు. చూడనిదాన్ని నమ్ముకుని భూమిని పందెం కాయమంటే మా నాయనమ్మ ఒప్పుకోదు.

అసలైన సమాధానం ఆకాశంలో ఉంది. కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి మహా వేగంగా దూసుకొచ్చే కణాలు. 1991లో అమెరికాలోని యూటా మీద ఒకే ఒక్క కణం వచ్చి పడింది. దాని శక్తి ఒక స్పిన్నర్ వేసిన క్రికెట్ బంతికి ఉన్నంత! ఒక్క కణానికి! అది గాలిలో చేసిన ఢీ, కొలైడర్ చేసేదానికి యాభై రెట్లు. అంత పెద్దవి అరుదే, కానీ కొలైడర్ స్థాయివి భూమి పుట్టినప్పటి నుంచీ పడుతూనే ఉన్నాయి. 2008లో సెర్న్ భద్రతా నివేదిక వేసిన లెక్క ప్రకారం, కొలైడర్ జీవితకాలమంతా చేసే ప్రయోగాన్ని ప్రకృతి ఈ భూమి మీదే సుమారు లక్షసార్లు చేసేసింది.

ఇక్కడ తెలివైనవాళ్లు ఒక మెలిక పెట్టారు. కాస్మిక్ కిరణం వల్ల బ్లాక్ హోల్ పుడితే అది అదే వేగంతో భూమిని చీల్చుకుని అవతలికి పోతుంది. కొలైడర్‌లో రెండూ ఎదురెదురుగా గుద్దుకుంటాయి కాబట్టి, పుట్టింది నెమ్మదిగా ఇక్కడే ఉండిపోవచ్చు కదా అని. మంచి ప్రశ్న, కొట్టిపారేయడానికి లేదు. గిడింగ్స్, మంగానో అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు కూర్చుని లెక్క కట్టారు. శ్వేత మరుగుజ్జు నక్షత్రాలు, న్యూట్రాన్ నక్షత్రాలు (రెండూ ఆయుష్షు తీరిన నక్షత్రాల్లో మిగిలిన ముద్దలే) ఎంత చిక్కగా ఉంటాయంటే, ఆ వేగంతో వచ్చినదాన్ని కూడా ఆపేసి తమలోనే ఉంచుకుంటాయి. అంటే మింగే గుణమే ఉంటే ముందు అవి పోవాలి. వందల కోట్ల ఏళ్లుగా నిక్షేపంగా ఉన్నాయి.

మరి ప్రమాదమే లేదా అంటే, ఉంది. భూమికి కాదు, ఆ సొరంగానికి. విడిగా ఒక ప్రోటాన్ దోమే కానీ, పూర్తి స్థాయిలో నడిపితే కట్టగా కలిసిన పుంజం అర టన్ను రాగిని కరిగించేస్తుంది. అందుకే తేడా వస్తే రెప్పపాటు కూడా పట్టకుండా దాన్ని ఎనిమిది మీటర్ల గ్రాఫైట్ దిమ్మలోకి తోసేస్తారు. టీవీల హడావుడి అయిన తొమ్మిది రోజులకు, సెప్టెంబరు 19న, రెండు అయస్కాంతాల మధ్య కరెంటు అతుకు ఒకటి సరిగా లేక మెరుపు పుట్టింది. అయస్కాంతాల్ని చల్లగా ఉంచే హీలియం టన్నుల కొద్దీ సొరంగంలోకి ఎగజిమ్మింది. భారీ అయస్కాంతాలు నేల నుంచి ఊడి పక్కకు జరిగాయి. బాగుచేయడానికి ఏడాది దాటింది. ఆ వార్తకి మాత్రం మా ఇంట్లో ఎవరూ టీవీ ముందు కూర్చోలేదు.

చివరగా, ఈ టాపిక్ ఎత్తితే చాలు, సెర్న్‌లో నటరాజ విగ్రహం ఎందుకుంది, ప్రళయం కోసమేగా అని అడుగుతారు. అది 2004లో మన అణుశక్తి శాఖ ఇచ్చిన కానుకండీ. మనం ఇంకా చాలా పంపాం. ప్రోటాన్ల దారిని గుండ్రంగా వంచే అక్కడి డైపోల్ అయస్కాంతం ఒక్కోటి పదిహేను మీటర్లు, 35 టన్నులు. వాటిని వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టే జాకీలు దాదాపు ఏడు వేలు, ఇండియా నుంచి వెళ్లినవే.