7 ఏళ్ళు, 72 వేల కిలోమీటర్లు: తిరుపతిలో కారును మేపడానికి నిజంగా ఎంతవుతుంది?

అందరికీ నమస్కారం. ఇప్పుడే కొండ దిగి వచ్చి ఇంటి ముందు బండి ఆపాను. బానెట్ మీద చెయ్యి పెట్టలేం, అంత కాలుతోంది. ఒక్క నిమిషం, ఫోన్ ముందు చక్రం దగ్గర పెడతా, వినండి. టిక్కు, టిక్కు అని వస్తోందా? వేడెక్కిన ఇనుము చల్లారే చప్పుడు అది. తిరుపతిలో కారున్న వాళ్ళకు ఈ చప్పుడు బాగా తెలుసు.

ఈ కారు 2018లో కొన్నాను. పెట్రోలు, 1.2 లీటర్ ఇంజన్, మాన్యువల్ గేరు, చిన్న హ్యాచ్‌బ్యాక్. ఏ కంపెనీయో చెప్పను. లోగో మీద టేపు వేసింది అందుకే. పేరు చెప్పానంటే కామెంట్లలో కారు సంగతి పోయి మీరూ మీరూ కొట్టుకుంటారు. ఈ తరగతి పెట్రోలు కారు ఏది కొన్నా లెక్క కాస్త అటూఇటూగా ఇలాగే ఉంటుంది.

ఇదిగో నోట్‌బుక్కు. మా అమ్మాయి రెండో క్లాసు లెక్కల నోట్సు. సగం ఖాళీగా వదిలేస్తే నేను తీసుకున్నా. మొదటి పేజీల్లో ఎక్కాలు, వెనక పేజీల్లో నా అప్పులు. పోయిన దీపావళి నుంచి ఈ దీపావళి దాకా బండి తిరిగింది 10,200 కిలోమీటర్లు. పోసిన పెట్రోలు 690 లీటర్లు, దానికి 75,200 రూపాయలు. మైలేజీ లీటరుకు 14.8. కొనేటప్పుడు షోరూం కుర్రాడు చెప్పిన మైలేజీ ఇరవై పైమాటే. ఆ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు, ల్యాబ్‌లో కొలిచిన లెక్క అది. ల్యాబ్‌లో మన లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్కు ఉండదు కదా.

ఇప్పుడు అసలు సంగతి. పెట్రోలు పక్కన పెట్టి మిగతా ఖర్చు చదువుతా. ఇన్సూరెన్సు 9,800. సర్వీసు 7,400. టైర్లు నాలుగు, 21,600. బ్యాటరీ 4,600. బ్రేకు ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ మార్పు కలిపి 4,300. వాటర్ వాష్ 3,000. హైవే టోల్ పాసు 3,000. ఎలుక, 350. అవును, ఎలుకే, దాని కథ చెప్తా. కూడితే 54,050. పెట్రోలుతో కలిపి 1,29,250. కిలోమీటరుకు 12 రూపాయల 67 పైసలు.

టైర్లు ప్రతి ఏడూ మారవు కదా అంటారు. నిజమే. కానీ ఏడేళ్ళ నోట్సు చూస్తే, టైర్లు లేని ఏడు క్లచ్చు ఉంది, క్లచ్చు లేని ఏడు ఏసీ గ్యాసు, కూలింగ్ కాయిలు. ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. మనం మాత్రం పక్కింటాయనతో మాట్లాడేటప్పుడు మైలేజీ ఒక్కటే మాట్లాడతాం. "మీదెంత ఇస్తోంది?" అంటే "పదిహేను ఇస్తోంది" అంటాం. ఆ పెట్రోలు పక్కన ఇంకో 54 వేలు పోతోందని ఎవరూ నోరు విప్పరు. ఈ వీడియో దాని కోసమే.

పెట్రోలు ధర సంగతి చెప్పి ముందుకు పోతా. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, దాని మీద లీటరుకు 4 రూపాయలు అదనపు వ్యాటు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. అందుకే మనకు 110 దగ్గర దగ్గరగా ఉంటే, చెన్నైలో 101కి అటూఇటూ ఉంది. నగరి దాటి తమిళనాడులో పోయించుకుంటే లాభం కదా అని చాలామంది అడుగుతున్నారు. నా ట్యాంకులో 35 లీటర్లు పోయించాననుకుందాం. లీటరుకు 9 రూపాయలు, 315 మిగులు. దానికోసమే పనిగట్టుకుని పోతే రానూపోనూ 120 కిలోమీటర్ల పైనే, 8 లీటర్లు తాగుతుంది. 315 కోసం 800 తగలేసినట్టు. చెన్నైకి పనుండి పోతే మాత్రం వచ్చేటప్పుడు ఫుల్ ట్యాంక్ కొట్టించండి, నేనూ అదే చేస్తా. చిత్తూరు వాళ్ళ సంగతి వేరు. కాట్పాడి దారిలో బోర్డరు దాటితే చాలు.

ఇథనాల్ వల్ల మైలేజీ తగ్గుతుందా, ఇంజన్ పాడవుతుందా అనే ప్రశ్న. ఇప్పుడు బంకులో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. నా బండి దానికోసం తయారైంది కాదు. ఇథనాల్‌లో పెట్రోలు కన్నా మూడో వంతు శక్తి తక్కువ, కాబట్టి మైలేజీ తగ్గడం మాయ కాదు. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన రోడ్‌మ్యాప్‌లోనే ఇలాంటి పాత కార్లకు 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని ఉంది. నా నోట్సులో రెండేళ్ళ కిందట సగటు 15.6, ఇప్పుడు 14.8. సుమారు 5 శాతం. అందులో బండి వయసెంత, ఇథనాల్ ఎంత అంటే నేను విడదీసి చెప్పలేను. ఇంజన్ పాడైపోతుంది అని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చూసి టెన్షన్ పడకండి. రబ్బరు పైపుల్లో పగుళ్ళున్నాయేమో సర్వీసప్పుడు ఒకసారి చూడమనండి, చాలు.

ఇక కొండ.

తిరుపతిలో కారు కొన్నవాడు సగం ఓనరు, సగం డ్రైవరు. హైదరాబాదు నుంచి పిన్ని వాళ్ళు వచ్చినా, నెల్లూరు నుంచి బావ వచ్చినా, దర్శనం టికెట్టు వాళ్ళది, బండి మనది. కాదనలేం, స్వామి పని. గత ఏడాది ఈ కారు 31 సార్లు కొండెక్కింది. అందులో మేము మా కోసం వెళ్ళింది నాలుగు సార్లు.

ఎక్కడం ఇంజనుకు పరీక్ష, దిగడం బ్రేకుకు పరీక్ష. ఎక్కే దారి 1974లో వచ్చింది, మనం దిగేది 1944 నాటి పాత ఘాట్. మలుపులు ఎక్కువ దిగేటప్పుడే. మూడేళ్ళ కిందట నా తెలివితక్కువతనం ఒకటి చెప్తా. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం మొదలుపెట్టా. బండిలో ఐదుగురం, డిక్కీలో పెట్టెలు. సగం దూరం వచ్చేసరికి కాలిన వాసన. మా అత్తయ్య "ఎవరో టపాసులు కాల్చినట్టున్నారు నాయనా" అంది. టపాసులు కాదు, నా బ్రేకులు. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి పెడల్ మెత్తబడింది. స్పాంజి తొక్కినట్టు కిందికి పోతోంది. ఆ రోజు అర్థమైంది నాకు, నడుములోంచి చెమట కారడమంటే ఏంటో. హ్యాండ్ బ్రేకు, సెకండ్ గేరు కలిపి ఎలాగో ఒక పక్కకు ఆపి, అరగంట కూర్చున్నాం. అత్తయ్య మాత్రం గోవిందా గోవిందా అంటూనే ఉంది.

ఎందుకలా అయ్యిందంటే, బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ అయితే 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిన పాతదైతే 140కే మరిగిపోవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు. మనం తొక్కేది ఆ బుడగల్ని, బ్రేకును కాదు. నా బండిలో అప్పటికి నాలుగేళ్ళుగా ఆయిల్ మార్చలేదు. రెండేళ్ళకోసారి మార్చమని మాన్యువల్‌లో ఉంది. మాన్యువల్ ఎవరు చదువుతారు? డాష్‌బోర్డులో దాని మీద లడ్డు కవర్లు పెట్టుకుంటాం.

ఇంకో మాట. న్యూట్రల్‌లో పెట్రోలు మిగలదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే, ఇప్పటి ఇంజన్లు పెట్రోలు చుక్క కూడా తీసుకోవు, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. ఇంజన్ ఆపేసి దిగేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకైతే దండం. నాలుగైదు తొక్కుల్లో బ్రేకు బండరాయిలా గట్టిపడుతుంది, స్టీరింగు బిగుసుకుంటుంది. సెకండ్ గేరు, అవసరమైతే థర్డు. బ్రేకు తొక్కితే గట్టిగా తొక్కి వదలండి, పాదం దాని మీద పెట్టుకుని కూర్చోకండి. ఎలాగూ 40 నిమిషాల కంటే ముందు కింద చెక్‌పోస్టుకు చేరకూడదని రూలు ఉంది. తొందరపడి ఏం చేస్తాం?

అలిపిరిలో ఇప్పుడు ఫాస్టాగ్ తప్పనిసరి, 2025 ఆగస్టు 15 నుంచి. అదే రోజు వచ్చిన 3,000 రూపాయల ఏడాది పాసు, 200 ట్రిప్పులది, నేషనల్ హైవే ప్లాజాలకే. అలిపిరికి అది పనికిరాదు, ట్యాగ్‌లో విడిగా డబ్బులుండాలి. మా బావ పాసు ఉంది కదా అని సున్నా బ్యాలెన్సుతో వచ్చి, వెనక వరుసలో వాళ్ళందరి తిట్లూ తిన్నాడు.

సరే, ఎలుక. జూలైలో ఒక పొద్దున బండి స్టార్టు చేస్తే డాష్‌బోర్డులో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. బండి కాస్త కుదుపుతోంది కానీ నడుస్తోంది. సర్వీసు సెంటరుకు పట్టుకెళ్తే, స్కానరు పెట్టి, ఒక కాగితం చేతిలో పెట్టారు. వైరింగ్ సెట్టు మొత్తం మార్చాలి, 18,500. ఏ సెంటరో అడగొద్దు, చెప్పను. వాళ్ళ పద్ధతి అదే అంట, అతుకులు వెయ్యరు.

అక్కడి నుంచి సీదా ఊళ్ళో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయా. అరవై దాటిన పెద్దాయన. బానెట్ ఎత్తి, సెల్‌ఫోన్ లైటు నోట్లో పట్టుకుని, లోపలికి తల దూర్చి, రెండు నిమిషాల్లో నవ్వాడు. "ఏం నాయనా, కొండకు పోయొచ్చినావా?" అన్నాడు. మీకెట్లా తెలుసు అంటే చెయ్యి చాపి చూపించాడు. అరచేతిలో ఒక జీడిపప్పు ముక్క, ఎలుక పళ్ళ గాట్లతో. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద దొరికిందంట. పక్కనే ఎండుద్రాక్ష ఒకటి. వెనక సీటు కింద రాలిన ప్రసాదం లడ్డు పొడి కోసం వచ్చిన ఎలుక, వెచ్చగా ఉందని ఇంజన్ దగ్గర కాపురం పెట్టింది. ఆక్సిజన్ సెన్సరుకు పోయే వైరు రెండు చోట్ల కొరికేసింది. ఆయన వైరు కత్తిరించి, కొత్త ముక్క కలిపి, టంకం వేసి, మీద పైపు వేడి చేసి బిగించాడు. 350 తీసుకున్నాడు. "లడ్డు ఇంట్లోకి తీసుకుపో నాయనా, బండికి పెట్టద్దు" అన్నాడు.

ఎలుకలకు మందు ఏంటి అంటే, నేను చేసేది ఇదే. రాత్రి ఆపాక పది నిమిషాలు బానెట్ ఎత్తి వేడి పోనిస్తా, పొగాకు కాడలు ఒక గుడ్డలో కట్టి వేలాడదీశా. పనిచేస్తోందో, ఆ ఎలుకే వేరే ఇల్లు చూసుకుందో తెలీదు. అన్నిటికన్నా పనికొచ్చింది వ్యాక్యూమ్ క్లీనరు.

ఇన్సూరెన్సు త్వరగా చెప్పేస్తా. 1000 సీసీ దాటి 1500 లోపు కార్లకు థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి కట్టేది, 3,416, దాని మీద జీఎస్టీ. ఇది ఏ కంపెనీ అయినా ఒకటే, బేరం ఉండదు. బేరం ఓన్ డ్యామేజీ దగ్గరే, అంటే మన బండికి తగిలే దెబ్బల భాగంలో. ఐదేళ్ళు క్లెయిం లేకపోతే ఆ భాగంలో 50 శాతం తగ్గింపు వస్తుంది. నాకు అది సుమారు 4,500 మిగిలిస్తోంది. పోయిన ఏడాది మార్చిలో మా తమ్ముడి కొడుకు పార్కింగులో తలుపు తీసి స్తంభానికి కొట్టాడు. సొట్ట, పెయింటు కలిపి 3,800 చెప్పారు. క్లెయిం చేసుకో, ఊరికే కడుతున్నావా అని అందరూ అన్నారు. 3,800 కోసం క్లెయిం చేస్తే వచ్చే ఏడు ఆ 4,500 పోతుంది, మళ్ళీ 50కి చేరడానికి ఐదేళ్ళు. చేతి నుంచే కట్టా. పెద్ద దెబ్బ తగిలితే చూసుకుందాం, తగలకూడదనే కోరుకుందాం.

వానల సంగతి ఒక్క ముక్క. వెస్ట్ చర్చి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్ళు నిలిస్తే, ముందు బండి పోయింది కదా అని దిగొద్దు. 2021 అక్టోబరులో అక్కడే ఒక కొత్త పెళ్ళికూతురి ప్రాణం పోయింది. ఎక్కడైనా నీళ్ళలో ఇంజన్ ఆగితే మళ్ళీ తాళం తిప్పకండి. సిలిండర్లోకి నీళ్ళు పోయి ఉంటే ఆ ఒక్క తిప్పుతో రాడ్లు వంగుతాయి, అప్పుడొచ్చే బిల్లు ముందు నా 54 వేలు చిల్లర. నెట్టించుకుని బయటికి తెచ్చి, టోయింగ్ బండితో గ్యారేజీకి పట్టుకుపోండి.

మరి ఈ బండి అమ్మేయాలా? కొన్నప్పుడు రోడ్డు మీదికి 6,90,000 అయింది. పోయిన వారం బ్రోకరు ఒకాయన బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, టైరు తన్ని, 3,80,000 అన్నాడు. ఏడేళ్ళలో పోయింది 3,10,000, అంటే ఏడాదికి 44 వేలు. దాన్నీ కలిపితే కిలోమీటరుకు 17 రూపాయలు నా అసలు ఖర్చు. కొత్తది కొంటే మొదటి మూడేళ్ళలోనే అంతకన్నా వేగంగా విలువ పడిపోతుంది. టైర్లు కొత్తవి, బ్యాటరీ కొత్తది, బ్రేకులు కొత్తవి. ఖర్చంతా పెట్టేసి ఇప్పుడు ఎవరికో ఎందుకివ్వాలి? ఇంకో నాలుగేళ్ళు నడుపుతా.

కింద కామెంట్లో మీ కారు, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు, కొండ ఎన్నిసార్లు, బ్రేకు ప్యాడ్లు ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చారో రాయండి. నావి 28 వేలకు అరిగాయి. మదనపల్లె, పలమనేరు వాళ్ళకు ఎంతొస్తున్నాయో తెలుసుకోవాలనుంది.

ఆగండి, ఫోను. మా బావ. పద్మావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాడంట, ఆరుగురంట.