లావెండర్ కోరేది చలి, పేదనేల

సభకు నమస్కారం.

మీలో చాలామంది ఇళ్లలో తులసికోట ఉండే ఉంటుంది. వీలైనప్పుడు ఒక లేత కొమ్మను వేళ్ల మధ్య దొర్లించి చూడండి. గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలు చేతికి తగులుతాయి. పుదీనా కాడ అంతే, మరువం కాడ అంతే. ఊదా పూలు పూసి, పరిమళాలకు నూనెనిచ్చే లావెండర్‌దీ ఆ కుటుంబమే. అందుకే కాబోలు, మనవాళ్లు దాన్ని తులసి లాగే కుండీలో పెట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు పోసి చంపేస్తారు.

ఈ మొక్క పుట్టిల్లు మధ్యధరా ప్రాంతపు రాతి కొండలు. అక్కడ వాన పడేది ఎక్కువగా చలికాలంలో, ఎండాకాలమంతా పొడి. సున్నం ఎక్కువగా ఉండి, నీరు నిలవని పేదనేల దానికి ఇష్టం. ఎరువు ఎక్కువైతే ఆకు ఏపుగా పెరుగుతుంది కానీ పూత తగ్గుతుంది. వేరు దగ్గర తడి నిలిచిందా, కుళ్లు పట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం చలి. మేలిరకం నూనెనిచ్చే అసలు లావెండర్ బాగా పూయాలంటే ముందు కొన్ని వారాల గట్టి చలి పడాలి.

మన దేశంలో ఈ లెక్క కుదిరిన చోటు జమ్మూ ప్రాంతం, డోడా జిల్లాలోని భదర్వా. సముద్రమట్టానికి సుమారు 1600 మీటర్ల ఎత్తు, చలికాలంలో మంచు. అక్కడి రైతులు వాలు పొలాల్లో మొక్కజొన్న వేసేవారు, మిగిలేది అంతంతమాత్రం. కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్, సుగంధ మొక్కల సాగు పెంచడానికి చేపట్టిన అరోమా మిషన్ కింద జమ్మూలోని దాని పరిశోధన సంస్థ వారికి మొక్కలిచ్చి, సాగు నేర్పింది. పత్రికలు దీనికి ఊదా విప్లవం అని పేరు పెట్టాయి. పేరు సంగతి ఎలా ఉన్నా, నాకు మెచ్చదగినదిగా తోచింది మరొకటి: ఊళ్లకు దగ్గరలోనే నూనె తీసే బట్టీలు కూడా పెట్టారు. మొక్కలు మాత్రం పంచి చేతులు దులుపుకుని ఉంటే, ఆ పూలు అలంకారానికి తప్ప ఎందుకూ పనికివచ్చేవి కావు.

ఎందుకంటే కోసిన పువ్వు ఆగదు. కంకిలో సగం దాకా పూలు విచ్చినప్పుడు, మంచు తడి ఆరిన పొడి వేళ కోయాలి. నూనె గ్రంథులు రేకుల మీద కన్నా పువ్వు అడుగునున్న రక్షక పత్రాల మీద ఎక్కువ. బట్టీలో పూల గుండా ఆవిరిని పంపితే అది నూనెను వెంట తీసుకుపోతుంది. చల్లబరిస్తే నీటి మీద నూనె తేలుతుంది. కిలో నూనెకు సుమారు 100 కిలోల పూలు కావాలి. బయటికి వచ్చే సుగంధపు నీటికీ గిరాకీ ఉంటుంది కనుక దాన్ని పారబోయరు.

మొక్కలు పెంచే పద్ధతి గురించి ఒక్క మాట. విత్తనంతో మొలిచినవి తలా ఒక తీరుగా ఉంటాయి. నూనె వాసన కూడా మారిపోతుంది. అందుకని మంచి తల్లిమొక్క నుంచి కొమ్మ ముక్కలు తీసి వేరు పట్టిస్తారు. పూత అయ్యాక ఏటా కత్తిరించాలి, కానీ ఆకులేని ముదురు కొయ్య దాకా పోకూడదు. అక్కడి నుంచి చిగురు రావడం కష్టం. ఇలా చూసుకుంటే తోట పదేళ్లు, ఆపైన కూడా నిలుస్తుంది. ఫ్రాన్సులో విస్తారంగా పండించే లావండిన్ రెండు లావెండర్ జాతుల సంకరం. దానికి విత్తనమే కట్టదు. దిగుబడి ఎక్కువ, కర్పూరపు ఘాటూ ఎక్కువ. సబ్బులకు, బట్టలుతికే పొడులకు వెళ్లే నూనె ఎక్కువగా దానిదే.

ఇక మీరు అడగబోయే ప్రశ్న: మన దగ్గర పండుతుందా? వేసవిలో నలభై డిగ్రీలు దాటి, ఆ వెంటనే నాలుగు నెలలు వానలో నానే నేలలో నూనె కోసం దీన్ని వేయమని నేను చెప్పను. ఇంటర్నెట్‌లో విత్తనాల పొట్లాం మీద ఊదా పొలం బొమ్మ చూసి ఎకరం దున్నవద్దు. దక్కనులో అడవిమొక్కగా పెరిగే లావెండర్ జాతి ఒకటి ఉంది కానీ, పరిమళాల వ్యాపారం అడిగేది దాని నూనెను కాదు.

కోస్తాలో కొబ్బరితోట ఉన్నవారికి నేను చూపేది ఇదే కుటుంబంలోని మరో పరిమళ నూనె మొక్క, పచౌలీని. దానికి వేడి, గాలిలో తేమ, పలచని నీడ కావాలి. లావెండర్‌కు గిట్టని ఈ మూడూ దీనికి కావలసినవే. ఇదీ కొమ్మ ముక్కలతోనే పెరుగుతుంది, కానీ నూనె ఆకులో ఉంటుంది. కోసిన ఆకును నీడలో ఆరబెట్టి, అప్పుడే బట్టీకి ఎక్కిస్తారు.