కొండ దిగే బండి

శ్రోతలకు నమస్కారం.

అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే వాహనం 28 నిమిషాలకు ముందే పైకి చేరకూడదు. కొండ దిగే వాహనం 40 నిమిషాలకు ముందే కిందికి చేరకూడదు. దేవస్థానం పెట్టిన ఈ నియమం ఘాట్ రోడ్డు మీద బండి నడిపిన తిరుపతి వాళ్లందరికీ తెలిసిందే. మా వీధిలో ఒక కుర్రాడు అడిగాడు: "ఎక్కేదానికంటే దిగేదానికే ఎక్కువ టైమెందుకన్నా? దిగేటప్పుడు బండి దానంతటదే పోతాది కదా?"

దానంతటదే పోతుంది కాబట్టే. మోటారు సైకిలు కథ చెప్పేవాళ్లు ఎక్కువగా వేగం గురించి, హార్స్ పవర్ గురించి చెబుతారు. నన్నడిగితే బండిని ముందుకు తోయడం ఇంజనీర్లకు తొందరగానే పట్టుబడింది. తోసినదాన్ని అదుపులో పెట్టి ఆపడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ఈ రెండో సంగతికే ఎక్కువ సమయం ఇద్దామనుకుంటున్నాను. అయినా మొదటిది చెప్పకుండా రెండోది అర్థం కాదు.

1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి ఒక చెక్క చట్రానికి పెట్రోలు ఇంజన్ బిగించారు. 264 సీసీ, అర హార్స్ పవర్. పక్కకు పడిపోకుండా రెండు వైపులా రెండు చిన్న చక్రాలు. ఆ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు. ఎర్రగా కాలిన ఒక చిన్న గొట్టం పెట్రోలు ఆవిరిని అంటించేది, ఆ గొట్టం సీటు కిందే ఉండేది. డైమ్లర్ కొడుకు పాల్ సవారీకి బయల్దేరితే సీటుకు నిప్పంటుకుందని చెబుతారు. ఆ కుర్రాడికి అప్పటికి పదిహేడేళ్లు దాటి ఉండవు.

తర్వాత 1894లో మ్యూనిక్ నగరంలో హిల్డెబ్రాండ్, వుల్ఫ్‌ముల్లర్ పేర్లతో ఒక బండి వచ్చింది. అమ్మకం కోసం వరసగా తయారైన మొదటి మోటారు సైకిలు అదే. ఇంజన్ 1,489 సీసీ. నాలుగు బుల్లెట్ 350ల ఇంజన్లు కలిపినా అంత కాదు. అంత పెద్ద ఇంజన్ ఇచ్చిన శక్తి ఎంతంటే, రెండున్నర హార్స్ పవర్! క్లచ్ లేదు, గేర్లు లేవు. ఇంజన్ సిలిండర్‌లో ముందుకూ వెనక్కీ ఆడే ముక్కే పిస్టన్. ఆ పిస్టన్ కడ్డీలు రైలింజన్ పద్ధతిలో నేరుగా వెనక చక్రాన్ని తిప్పేవి.

ఇప్పుడు తొంభై ఏళ్లు ముందుకు రండి. 1985లో మన దేశంలో యమహా ఆర్ఎక్స్ 100 వచ్చింది. 98 సీసీ, 11 హార్స్ పవర్. పదిహేనో వంతు ఇంజన్ నాలుగు రెట్ల శక్తి ఎలా ఇచ్చింది? శక్తి అంటే రెండు లెక్కల గుణకారం: సిలిండర్‌లో పెట్రోలు అంటుకునే ఒక్కో పేలుడులో ఎంత బలముంది, నిమిషానికి ఎన్ని పేలుళ్లు జరుగుతున్నాయి. మ్యూనిక్ ఇంజన్ నిమిషానికి 240 చుట్లు తిరిగేది. ఆర్ఎక్స్ ఇంజన్ 7,500 చుట్లు తిరిగేది. తేలికైన అల్యూమినియం పిస్టన్లు, మంచి ఇనుము, మంచి ఆయిల్, సరైన క్షణానికి నిప్పురవ్వ ఇచ్చే విద్యుత్ వ్యవస్థ, ఇవన్నీ కుదిరాకే ఇంజన్ అంత జోరుగా తిరగగలిగింది.

అదే 1985లో హీరో హోండా సీడీ 100 కూడా వచ్చింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం నాకు చాలా ఇష్టం. ఆర్ఎక్స్ సిలిండర్ వెడల్పు 50 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 50 మిల్లీమీటర్లు. సీడీ 100ది వెడల్పు 50, నడక 49.5. అంటే సిలిండర్ గది దాదాపు ఒకటే. కానీ సీడీ 100 ఇచ్చింది ఏడు చిల్లర హార్స్ పవర్ మాత్రమే. తేడా ఎక్కడుందంటే, సీడీ 100 ఫోర్ స్ట్రోక్. గాలీ పెట్రోలూ పీల్చుకోవడం, నొక్కడం, పేలడం, పొగ వదలడం, ఈ నాలుగు పనులకూ పిస్టన్ నాలుగు సార్లు నడవాలి. రెండు చుట్లకు ఒక పేలుడు. ఆర్ఎక్స్ టూ స్ట్రోక్. చుట్టుకొక పేలుడు. 7,500 చుట్ల దగ్గర సెకనుకు 125 పేలుళ్లు. ఆ బండి శబ్దం వింటే ఈ తరం కుర్రాళ్లు కూడా వెనక్కి తిరిగి చూస్తారు.

ఆ వేగానికి మూల్యం ఉంది. టూ స్ట్రోక్‌లో పొగ బయటికి పోయే దారి, కొత్త పెట్రోలు లోపలికి వచ్చే దారి ఒకేసారి తెరిచి ఉంటాయి. కాలని పెట్రోలు కొంత సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. మైలేజీ తగ్గేది అందుకే, కాలుష్య నియమాలు బిగిసేకొద్దీ ఆ బళ్లు కనుమరుగైందీ అందుకే. బుల్లెట్ దారి ఇంకోటి. పాత 350 బుల్లెట్‌కు సిలిండర్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90. పొడుగు నడక, ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్. తిరిగేది నిదానంగా, లాగేది గట్టిగా. 1955 నుంచి మద్రాసులో తయారైన ఆ బండి ఇద్దరిని ఎక్కించుకుని కొండ మలుపుల్లో గేరు మార్చమని తొందరపెట్టదు.

ఎక్కడం సంగతి ఇంతటితో చాలు. ఇక దిగుదాం.

తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. బండి, ఇద్దరు మనుషులు కలిసి 250 కిలోలు అనుకుందాం. ఆ బరువు అంత ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తితో ఐదు లీటర్ల నీళ్లను మామూలు వేడి నుంచి మరిగేదాకా కాయొచ్చు. ఈ వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. కొంత గాలి తీసుకుంటుంది. మిగిలినదంతా ఇంజన్ అయినా మోయాలి, బ్రేకులైనా మోయాలి.

ఇంజన్ ఎలా మోస్తుంది? గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే, లోపలికి గాలి వచ్చే దారి దాదాపు మూసుకుపోతుంది. పిస్టన్ గాలి కోసం లాగుతుంది, గాలి రాదు. ఆ లాగుడుకు కావలసిన శక్తిని చక్రం నుంచే తీసుకుంటుంది. బండి నిదానిస్తుంది. రెండో గేరులో ఇంజన్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది కాబట్టి పట్టు ఇంకా ఎక్కువ. ఎక్కిన గేరులోనే దిగమని పాతకాలం డ్రైవర్లు చెప్పేది ఇందుకే.

టూ స్ట్రోక్ బళ్లకు ఈ సౌకర్యం తక్కువ. లాగుడు తక్కువే కాదు, ఇంకో ప్రమాదం కూడా ఉంది. రాజ్‌దూత్ లాంటి బళ్లకు బంకులో పెట్రోలుతో పాటే టూటీ ఆయిల్ పోయించేవాళ్లు, గుర్తుందా? పిస్టన్‌కు జిడ్డు అందేది ఆ కలిపిన ఆయిల్‌తోనే. యాక్సిలరేటర్ మూసి కిలోమీటర్ల కొద్దీ దిగితే పెట్రోలు సరిగా రాదు, దాంతో ఆయిలూ సరిగా అందదు. వేగంగా తిరిగే పిస్టన్ ఎండిపోయి సిలిండర్‌కు పట్టుకుంటుంది. తర్వాత వచ్చిన కొన్ని బళ్లకు ఆయిల్ పంపు వేరేగా పెట్టినా, అదీ చాలామటుకు యాక్సిలరేటర్ చెప్పినట్టే వినేది. కొర్లగుంట వైపు ఒక పెద్దాయన షెడ్డులో ఇలా పట్టేసిన పిస్టన్ ఒకటి చూశాను. ఒక పక్కంతా నిలువునా గీతలు, అల్యూమినియం కరిగి రింగుల మీదికి పూసుకుపోయి, రింగు గోరుతో కదిపినా కదల్లేదు. "కిందికి వస్తా వస్తా మధ్యలో ఒకసారి రేజ్ ఇయ్యాలప్పా, ఆయిలు తగలాల గదా. ఇంటారా మనోళ్లు?" అన్నాడాయన.

వినని సంగతి ఇంకోటుంది. పెట్రోలు మిగులుతుందని కొండ మీద తాళం తిప్పేసి న్యూట్రల్‌లో దిగేవాళ్లు నేటికీ ఉన్నారు. ఇంజన్ పట్టు మొత్తం పోతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. మిగిలేది కూడా ఏమీ లేదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 కాలుష్య నియమాలు వచ్చాక చాలా కొత్త బళ్లలో గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ పోయి, కంప్యూటర్ చెప్పినంత పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే, ఇంజన్ ఇంకా జోరుగా తిరుగుతున్నంతసేపు ఆ బళ్లలో కంప్యూటర్ పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. తాళం తీసి ప్రాణం మీదికి తెచ్చుకునేవాడికంటే గేరులో దిగేవాడికి ఖర్చేమీ ఎక్కువ కాదు.

ఇక బ్రేకులు. తొలినాటి బళ్లకు చాలావాటికి సైకిలు బ్రేకే ఉండేది. టైరు మీదో రిమ్ము మీదో ఒక ముక్క ఒత్తుకునేది. తర్వాత డ్రమ్ము బ్రేకులు వచ్చి దశాబ్దాలు ఏలాయి. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే గుండ్రటి డబ్బా. అందులో చిక్కేమిటంటే, షూలు అనే బ్రేకు ముక్కలు దాన్ని లోపలి నుంచి బయటికి ఒత్తుతాయి. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతుంది. లివర్ ఎంత నొక్కినా ఇంకా లోపలికి పోతూనే ఉంటుంది. ఘాట్ కింది మలుపుల్లో "బ్రేకు పట్టలేదన్నా" అనే మాట వెనక సగం కథ ఇదే. డిస్కు అంటే చక్రంతో తిరిగే పళ్లెం, దాన్ని రెండు పక్కల నుంచీ ప్యాడ్లు నొక్కుతాయి. ఇది డ్రమ్ముకు తలకిందులు. వేడెక్కి లావెక్కితే ప్యాడ్ల వైపే జరుగుతుంది. పైగా గాలిలోనే తిరుగుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. 1969లో హోండా సీబీ 750 ముందు చక్రానికి డిస్కు పెట్టాక పెద్ద బళ్లన్నీ ఆ బాట పట్టాయి. డైమ్లర్ చెక్క బండికీ దీనికీ మధ్య 84 ఏళ్లు.

ముందు చక్రానికే ఎందుకు? బ్రేకు వేయగానే బరువు ముందుకు తూగుతుంది. వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రం ఊరికే జారుతుంది, ఆపదు. ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. కానీ మన ఇళ్లలో బండి నేర్పేటప్పుడు పెద్దవాళ్లు చెప్పేది ఏమిటి? "ముందు బ్రేకు ముట్టుకోవద్దు, బోర్లా పడతావు." మట్టిరోడ్ల కాలంలో, బండిని వాల్చిన మలుపులో అయితే ఆ మాటకు అర్థముంది. తారురోడ్డు మీద నిటారుగా పోతున్నప్పుడు ఆ సలహా ఆపగల శక్తిలో సగానికి పైగా వాడకుండా వదిలేయమనడమే. మలుపు సంగతి వేరు. టైరు పట్టు పరిమితమైనది, వంగడానికి కొంత ఖర్చయితే ఆపడానికి మిగిలేది తక్కువ. అందుకే మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోవాలి.

భయపడి ముందు బ్రేకు ఒక్కసారిగా పిండేస్తే చక్రం బిగుసుకుపోతుంది. దీనికి జవాబు ఏబీఎస్. కొత్త బండి ముందు డిస్కు లోపలి వైపు చూడండి, సన్నని గాట్లు పెట్టిన చిన్న రింగు ఒకటి కనిపిస్తుంది. పక్కనే ఒక సెన్సర్ ఆ గాట్లను లెక్కబెడుతూ ఉంటుంది. గాట్లు హఠాత్తుగా ఆగిపోతున్నాయంటే చక్రం బిగుసుకుంటోందని అర్థం. వెంటనే ఒత్తిడిని సెకనులో అనేకసార్లు వదిలి పట్టి చక్రాన్ని తిరగనిస్తుంది. 1988లో బీఎండబ్ల్యూ కే100 తో ఇది బళ్ల మీదికి వచ్చింది. మనదేశంలో 125 సీసీకి పైబడిన బళ్లకు కొత్త మోడళ్లకైతే 2018 ఏప్రిల్ నుంచి, అన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. చిన్న బళ్లకు కనీసం ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పట్టే ఏర్పాటు ఉండాలన్నారు.

ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాయి. ఇందాక చెప్పిన ఐదు లీటర్ల నీళ్ల వేడిని కరెంటు లెక్కలోకి మారిస్తే దాదాపు అర యూనిట్. పెట్రోలు బండి దాన్నంతా గాలిలో కలిపేస్తుంది. ఎలక్ట్రిక్ బండి దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి చక్రాన్ని పట్టి ఉంచుతూ, అందులో కొంత భాగాన్ని బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. బ్యాటరీల సంగతి, వాటి ఫ్యాక్టరీ ఉన్న మన కరకంబాడి వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. చాలామందికి తెలియనిది మాత్రం ఒకటుంది. కొండ మీదే చార్జింగ్ నిండుగా పెట్టుకుని బయల్దేరితే ఆ అర యూనిట్ వెళ్లడానికి బ్యాటరీలో చోటుండదు. బండి ఆ పట్టును తగ్గించేస్తుంది, లేదా పూర్తిగా ఆపేస్తుంది. మామూలు రోడ్డు మీద అలవాటైన ఆ పట్టు దిగేటప్పుడు ఉండదు, భారమంతా మళ్లీ బ్రేకుల మీదికే వస్తుంది. తిరుమలలో చార్జింగ్ పెట్టేవాళ్లు కొంచెం ఖాళీ ఉంచుకుని దిగండి.

నమస్కారం.