ఊడవని మూలకి వచ్చిన చుట్టం

శ్రోతలందరికీ నమస్కారం. నేను రోజూ పొద్దున్నే నడిచే పార్కులో ఒక మూల ఉంది. వెదురు పొద, దాని వెనక గోడ, ఆ రెండిటి మధ్యా ఏడాది పొడుగునా రాలి కుళ్లుతున్న ఆకులు. చీపురు అటు పోదు. దోమలు ముసురుతున్నాయి, తేళ్లు కూడా ఉంటాయేమో, కాస్త ఊడిపించండి అని పార్కు చూసుకునేవాళ్లకి రెండుసార్లు చెప్పాను, రెండోసారి కొంచెం గొంతు పెంచే చెప్పాను. ఇది ముందే ఒప్పేసుకోవడం మంచిది, ఎందుకంటే ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ మూలలోనే జరిగింది.

అక్టోబర్ చివర్లో ఒకరోజు, ఇంకా సరిగ్గా వెలుతురు రాలేదు, ఆ పొదలోంచి ఈల వినిపించింది. రెండే స్వరాలు, మొదటిది పైకి లేస్తుంది, రెండోది కిందికి జారుతుంది. ఎవరో కుర్రాడు స్నేహితుణ్ని పిలుస్తున్నాడనుకుని వెళ్లిపోయాను. మర్నాడూ అదే వేళకి అదే ఈల. మూడోరోజూ వినపడేసరికి ఆగిపోయాను, వరసగా మూడు రోజులు ఆ చీకట్లో లేచే కుర్రాళ్లు ఎక్కడున్నారు చెప్పండి!

పది నిమిషాలు కదలకుండా నిలబడితే ముందు ఆకుల గలగల వినిపించింది. ఎలుక అనుకున్నాను. తర్వాత కనిపించింది. గోరింక కన్నా కాస్త చిన్నది, పొడుగాటి కాళ్లు, తోక ఉందా లేదా అన్నట్టుంది. ముక్కుతో ఒక ఎండుటాకు పట్టుకుని పక్కకి విసిరేస్తుంది, కింద ఏముందో తల వంచి చూస్తుంది, ఒక్క గెంతు గెంతి ఇంకో ఆకు. అలా నాలుగో ఆకు కింద వానపాము దొరికింది, లాగింది, అది సాగింది, ఇది ఇంకా వెనక్కి వంగి లాగింది. వీపు ఆకుపచ్చ, గొంతు తెలుపు, కంటి మీదుగా మెడ దాకా కాటుక దిద్దినట్టు నల్లటి పట్టీ, భుజం మీద మెరిసే నీలం. ఇక పొట్ట కిందయితే ఎర్రరంగు డబ్బాలో కూర్చుని లేచినట్టే ఉంది.

దాన్ని మనవాళ్లు పొన్నంకి పిట్ట అంటారు, హిందీలో నవరంగ్. సరిగ్గా తెల్లవారుజామునా పొద్దుగూకే వేళా కూస్తుంది కాబట్టి తమిళంలో ఆరుమణి కురువి, అంటే ఆరు గంటల పిట్ట. శాస్త్రీయ నామం పిట్టా బ్రాక్యూరా. ఆ పిట్టా ఎక్కడిదనుకున్నారు? మన పిట్టే! 1816లో వియెయో అనే ఫ్రెంచ్ పక్షిశాస్త్రవేత్త ఇలాంటి పక్షుల ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకి, పేరు పెడుతూ తెలుగు మాటనే తీసుకున్నాడు. చిన్న పక్షి ఏది కనపడినా మనం వాడేసే మాటని, ప్రపంచం ఈ ఒక్క కుటుంబానికి రాసిచ్చింది.

వానాకాలంలో ఇవి హిమాలయాల దిగువ నుంచి మధ్యభారతం అడవుల దాకా గూళ్లు పెడతాయి. చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంక దాకా వస్తాయి, ఆ ప్రయాణం రాత్రిపూట. యాభై, అరవై గ్రాముల పక్షి అంతదూరం ఎగిరి అలిసిపోతే తెల్లారేసరికి ఏ చెట్లు కనిపిస్తే అక్కడే వాలిపోతుంది, ఒక్కోసారి వరండాల్లో కూడా పడి ఉంటుంది. అలా దొరికితే గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా చప్పుడు లేని చోట కాసేపు వదిలేయండి, నోట్లో నీళ్లు మాత్రం పోయొద్దు. తేరుకోకపోయినా, దెబ్బ తగిలినా అటవీ శాఖవాళ్లకి చెప్పండి.

ఇప్పుడు నా తెలివితక్కువ పని. ఆగలేక ఫొటో నలుగురికి పంపాను, పార్కు పేరుతో సహా. రెండో రోజుకి పదిమంది కెమెరాలతో దిగారు. ఒకాయన ఫోన్‌లో దాని కూతే పెట్టాడు, బయటికి వస్తుందని. వచ్చింది కూడా, కానీ ఎందుకు వచ్చిందంటే తన చోటులోకి ఇంకో పిట్ట జొరబడిందన్న టెన్షన్‌తో. దూరప్రయాణం చేసొచ్చి కడుపు నింపుకోవాల్సిన వేళంతా లేని శత్రువుని వెతుక్కోవడంతో సరిపోయింది. తర్వాత రెండు రోజులు ఈల లేదు. తప్పు ఆయనదని అనలేను, చిరునామా ఇచ్చింది నేనేగా.

మూడోరోజు మళ్లీ కూసింది, ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే తోటమాలి చీపురూ గంపా పట్టుకుని ఆ మూలకే వస్తున్నాడు. పరిగెత్తి అడ్డం నిలబడ్డాను. "మీరే కదా సార్ ఊడవమన్నది, పైవాళ్ల దగ్గర మాట పడ్డాను" అన్నాడు, ముఖం చిన్నబుచ్చుకుని. ఏం చెప్పాలో తెలియక బైనాక్యులర్ చేతికిచ్చి పొద వైపు చూపించాను. ఆయన అది కళ్లకి పెట్టుకోనే లేదు, ఊరికే అటు ఓ చూపు చూశాడు.

"ఇదా సార్? ఏటేటా ఇదే రోజుల్లో వస్తుంది, అందుకే కదా నేనటు ఊడవను. మీరు చెవుల్లో పాటలు పెట్టుకుని నడుస్తారు కదా, ఎలా వినపడుతుంది?" అని గంప భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.