రబ్బర్ మీద పేరు: టోక్యోలో మా అత్తయ్య చూసిన సీరియల్

హాయ్ అండి అందరికీ, ఎలా ఉన్నారు? ఇక్కడ టోక్యోలో, మేముండే నిషి కసాయ్‌లో పొద్దున్నుంచి ఒకటే వాన. మొన్న మా పిన్ని ఫోన్ చేసి "వీడియో పెట్టి నెలయింది, మీ అత్తగారు వచ్చారంటగా, ఆవిడ్ని చూపించవే" అంది, అందుకే కెమెరా తీశా. అత్తయ్యేమో నన్ను తీయకు అన్నారు, సో ఇవాళ ఆవిడ కబుర్లు మాత్రమే. మామయ్యగారు పోయిన ఏడాది పోయారు, ఆ తర్వాత ఇల్లు దాటి ఇంత దూరం రావడం ఇదే మొదటిసారి ఆవిడకి.

అసలు ఇవాళ గోంగూర దొరుకుతుందేమో చూద్దామని బయల్దేరాం. గోంగూర లేదు. కరివేపాకు చిన్న ప్యాకెట్ 200 యెన్‌లు, మన డబ్బుల్లో 115 దాకా, అత్తయ్య ఆ ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూసి అక్కడే పెట్టేశారు, తెనాల్లో కూరలు కొంటే కొసరుగా ఊరికే వేస్తారు కదా. అక్కణ్ణుంచి వాన తగ్గేదాకా ఆగుదామని హ్యాకు ఎన్ షాప్‌లోకి వెళ్ళాం, అంటే 100 యెన్‌ల షాపు, టాక్స్‌తో 110, మనకి 65 రూపాయలు అనుకోండి. అక్కడ అత్తయ్య రబ్బర్ల దగ్గర ఆగిపోయి "ఇదేగా ఆ పిల్లాడి రబ్బరు" అన్నారు. నాకు భలే సంతోషం వేసిందండి, ఎందుకో చెప్తా, కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నేను జపనీస్ వినడం అలవాటవ్వాలని ఒక పాత డ్రామా, అంటే ఇక్కడి టీవీ సీరియల్, మళ్ళీ పెట్టుకుని చూస్తున్నా. పేరు కియెతా హత్సుకోయ్, మాయమైపోయిన తొలిప్రేమ అని అర్థం. 2021 అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా శనివారం రాత్రి 11:30కి టీవీ అసాహీలో వచ్చింది, మొత్తం 10 ఎపిసోడ్‌లే, ఇక్కడ డ్రామాలు చాలావరకు మూడు నెలల్లో అయిపోతాయి, మనలాగా ఏళ్ళ తరబడి సాగవు. అవోకి, ఇదా అని ఇద్దరు అబ్బాయిలు, మన ఇంటర్ ఫస్టియర్ వయసు. అవోకి తనకి ఇష్టమైన అమ్మాయి దగ్గర రబ్బర్ అడిగి తీసుకుంటాడు, చూస్తే దాని మీద "ఇదా కున్" అని రాసి పక్కన హార్ట్ బొమ్మ. కున్ అంటే అబ్బాయిల పేర్ల చివర పెట్టేది. ఇక్కడ స్కూల్ పిల్లల్లో ఒక నమ్మకం ఉంది, కొత్త రబ్బర్ మీద ఇష్టమైనవాళ్ళ పేరు రాసి ఎవరి కంటా పడకుండా అరిగిపోయేదాకా వాడితే ఆ ప్రేమ ఫలిస్తుందట. ఇప్పుడు ఆ రబ్బర్ అవోకి చేతిలో ఉండగా ఆ ఇదానే చూసేస్తాడు, వీడికి నేనంటే ఇష్టమేమో అనుకుంటాడు.

నా పక్కన కూర్చుని చూస్తూ, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ అత్తయ్య అడిగారు, "నాది కాదని చెప్పొచ్చుగా?"

"చెప్తే ఆ అమ్మాయి సంగతి బయటపడుతుంది అత్తయ్యా."

"ఓహో. మంచి పిల్లాడే."

నాకు ఈ డ్రామాలో ప్రాణం అనిపించేది ఇదా చేసే పని. వాలీబాల్ ఆడే కుర్రాడు, క్లాసులో అందరికీ చెప్పి నవ్వొచ్చు, నవ్వడు. ఒక మనిషి నన్ను ఇష్టపడ్డాడు అంటే దానికి సరిగ్గా ఆలోచించి జవాబు చెప్పాలి అనుకుంటాడు, అంతే. మన సినిమాల్లో అబ్బాయిని ఇష్టపడే అబ్బాయి కనపడితే ఎన్నేళ్ళు కామెడీ ట్రాక్‌గానే చూపించారో మీకు తెలుసు, అది చూసి నవ్విన హాల్లో అలాంటి పిల్లలు కూడా కూర్చునే ఉంటారు కదా అని ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది.

ఇంకోటి, భాష సంగతి, ఇది చెప్పకుండా ఉండలేను. ఇక్కడ ప్రేమ చెప్పడానికి "సుకి" అంటారు. "ఐ లవ్ యూ" అన్నంత పెద్ద మాట కాదది, అచ్చం మన "ఇష్టం". రామెన్ (ఇక్కడి నూడుల్స్) సుకి, వాన సుకి, నువ్వు సుకి. మనం పప్పుచారు ఇష్టం అంటాం చూడండి, అదే మాటతో నువ్వంటే ఇష్టం అని కూడా అంటాం. ఆ వాక్యంలో చెప్పేది అబ్బాయా అమ్మాయా, విన్నది అబ్బాయా అమ్మాయా ఎక్కడా ఉండదు, తెలుగులోనూ ఉండదు. ఇన్నేళ్ళు తెలుగు మాట్లాడుతూ నేను ఇది గమనించలేదండి. పైగా ఇక్కడ ఆ మాట ఎదురుగా నిలబడి పైకి చెప్పాలి, కొకుహకు అంటారు, అది అయ్యాకే ఇద్దరూ కలిసి తిరుగుతున్నట్టు లెక్క. అత్తయ్యకి ఇది చెప్తే ఆశ్చర్యపోయారు, ఆవిడ తరంలో మొగుడి పేరు కూడా నోటితో పలికేవాళ్ళు కాదు కదా.

సరే, అవోకికి పోను పోనూ నిజంగానే ఇదా మీద మనసవుతుంది. అది చెప్పినప్పుడు అత్తయ్య చిక్కుడుకాయ చేతిలో అలాగే పట్టుకుని "నిజంగానా?" అన్నారు. నిజంగానే అన్నా. ఏమీ మాట్లాడలేదు, అన్నం చూసొస్తానని వంటింట్లోకి వెళ్ళారు, కుక్కర్ ఆన్ చేసి అప్పటికి ఐదు నిమిషాలు కూడా కాలేదు. ఇక చూడరేమో అనుకున్నా. మర్నాడు సాయంత్రం నేను బట్టలు మడతపెడుతుంటే "ఏమ్మా, ఆ రబ్బరు పిల్లాడిది పెట్టవా" అన్నారు.

తర్వాత ఒకరోజు అడిగారు కూడా, ఇక్కడ అలాంటి ఇద్దరబ్బాయిలు పెళ్ళి చేసుకోవచ్చా అని. చట్టప్రకారం జపాన్‌లో కుదరదు, టోక్యోలో 2022 నవంబర్ నుంచి పార్ట్‌నర్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తున్నారు కానీ అది పెళ్ళి కాదు అని చెప్పా. మన దగ్గరా ఇలాంటి ప్రేమ నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, పెళ్ళి మాత్రం లేదు. "మరి ఆ పిల్లలు పెద్దయ్యాక?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో రెండు ఎపిసోడ్‌లు మిగిలాయి, ఆదివారం ఆవిడ ఫ్లైట్. వెళ్ళిపోతారంటే ఇప్పట్నుంచే ఇల్లు బోసిగా అనిపిస్తోంది, సాయంత్రం నాలుగయితే తెలుగులో మాట్లాడే మనిషి ఉండరు.

ఇందాక షాపులో రెండు రబ్బర్లు తీసుకున్నారు, ఒకటి మా ఆడపడుచు కూతురికి అన్నారు. ఇంటికొచ్చాక రెండోదాని అట్ట కవర్ జరిపి, కిటికీ దగ్గర కూర్చుని, బాల్ పెన్‌తో మెల్లగా ఏదో రాశారు. సిరా ఆరేదాకా ఊది, కవర్ మళ్ళీ ఎక్కించి, పర్సులో మాత్రల పక్కన పెట్టుకున్నారు. నేను చూడలేదండి, వేరేవాళ్ళ కంట పడకూడదు కదా.